బైపీసీ తర్వాత డిగ్రీలో సైకాలజీ తీసుకోవచ్చా?

మీ ప్రశ్న క్లుప్తంగా ఇది. ఖమ్మంలో ఇంటర్ బైపీసీ అయింది, నీట్‌లో సీటు వచ్చేంత ర్యాంకు రాలేదు, మళ్లీ లాంగ్ టర్మ్‌లో కూర్చునే ఓపిక లేదు. డిగ్రీలో సైకాలజీ చదివి మూడేళ్లకు కౌన్సెలర్‌గా స్థిరపడాలని మీ ఆలోచన. "ఆ డిగ్రీకి ఉద్యోగాలెక్కడున్నాయి?" అని నాన్నగారు అంటున్నారు. తీసుకోవచ్చా, తీసుకుంటే బీఏనా బీఎస్సీనా అని అడిగారు.

తీసుకోండి. కాకపోతే మూడేళ్లు అనే లెక్క పక్కన పెట్టేసి తీసుకోండి. డిగ్రీ ఒక్కదానితో మీరు ఎవరికీ చికిత్స చేయలేరు, చేయకూడదు కూడా. మనుషులకు వైద్యం చేసే స్థాయి సైకాలజిస్టు కావాలంటే ఇంటర్ తర్వాత ఇంచుమించు ఏడేళ్లు పడుతుంది. ఎంబీబీఎస్ చేసి పీజీ పూర్తి చేయడానికి పట్టే కాలం కన్నా ఇది తక్కువే అయినా, మూడేళ్లనుకుని చేరినవాళ్లకు కొండలా కనిపిస్తుంది. మధ్యలో మానేసేవాళ్లలో ఎక్కువమందికి కారణం ఇదే. ఎంత దూరమో ముందే తెలిసి బయలుదేరినవాళ్లు హాయిగా చదువుకుంటారు.

నేను హైదరాబాద్‌లో క్లినికల్ సైకాలజిస్టుగా పనిచేస్తున్నాను. చాలా ఏళ్లుగా డిగ్రీ పిల్లలకు గెస్ట్ లెక్చరర్‌గా పాఠాలు కూడా చెబుతున్నాను. అందుకే క్లాసులో ఏం జరుగుతుందో, ఆస్పత్రిలో ఏం కావాలో రెండూ దగ్గర్నుంచి చూసి రాస్తున్నాను.

మొదటి సంవత్సరంలో చేరేవాళ్లు దాదాపు అందరూ ఒకే ఆశతో వస్తారు. ఎదుటివాళ్ల మనసు చదివేయొచ్చని, బాధలో ఉన్నవాళ్లతో నాలుగు మంచి మాటలు మాట్లాడి బాగుచేయొచ్చని. మొదటి సెమిస్టర్‌లో మాత్రం వాళ్లకు కనబడేవి వేరు. 1879లో జర్మనీలోని లైప్‌జిగ్‌లో వుంట్ అనే ఆయన పెట్టిన సైకాలజీ ప్రయోగశాల, నాడీకణం బొమ్మ, జ్ఞాపకశక్తి రకాలు, అభ్యసన సూత్రాలు, సగటు, ప్రామాణిక విచలనం. మనుషులు ఎప్పుడొస్తారు మేడమ్ అని అడుగుతారు. వస్తారు. ముందు మనిషిని ఎలా గమనించాలో, గమనించినదాన్ని ఎలా కొలవాలో నేర్పి, ఆ తర్వాతే మనిషి దగ్గరికి పంపుతుంది ఈ చదువు. డిగ్రీలో మీకు దొరికే అసలైన శిక్షణ ఇదే.

ఉదాహరణకు ల్యాబ్‌లో మొదట్లోనే చేయించే ముల్లర్-లయర్ ప్రయోగం తీసుకుందాం. ఒక పలక మీద రెండు గీతలుంటాయి. ఒకదాని కొసల దగ్గర ములుకులు బాణానికి ఉన్నట్టు లోపలికి వాలి ఉంటాయి. రెండోదాని కొసల దగ్గర అవే ములుకులు బయటికి విచ్చుకుని ఉంటాయి. ఈ రెండో గీత ఉన్న భాగం ముందుకూ వెనక్కీ జరుగుతుంది. మీ స్నేహితురాలిని ఎదురుగా కూర్చోబెట్టి, రెండు గీతలూ సమానంగా కనిపించేదాకా జరపమంటారు. ఆమె ఆపిన చోట పలక వెనక స్కేలు చూస్తే, రెండో గీత నిజానికి బాగా పొట్టిగా ఉంటుంది. మళ్లీ చేయిస్తారు. ఈసారి గీతను పొడవు నుంచి తగ్గిస్తూ రమ్మంటారు, తర్వాత పొట్టి నుంచి పెంచుతూ. ఆ తర్వాత పలకను కుడిఎడమలు మార్చి. ఎందుకిన్నిసార్లు అంటే, చెయ్యి జరిపే దిక్కు వల్ల వచ్చే తప్పు వేరు, గీత ఏ పక్కన ఉందన్నదాని వల్ల వచ్చే తప్పు వేరు. ఆ రెండూ తీసేశాక మిగిలిందే కంటి భ్రమ. రికార్డులో పట్టిక గీసి, సగటు కట్టి, ఆమె చెప్పిన అనుభవాన్ని ఆమె మాటల్లోనే రాయాలి.

ఇక్కడ నాకు చాలా ఇష్టమైన విషయం ఒకటుంది. ఆ రెండు గీతల సంగతి అంతా వివరించి, స్కేలు చూపించి, మళ్లీ చేయమంటే ఆ అమ్మాయి మళ్లీ అదే పొరపాటు చేస్తుంది. తెలిసినంత మాత్రాన కనిపించేది మారదు. ఈ సంగతి పద్దెనిమిదేళ్ల వయసులో చేతులతో చేసి చూసినవాళ్లు, రేపు ఆస్పత్రిలో "ఇదంతా నా భ్రమేనని నాకూ తెలుసు, అయినా భయం పోవడం లేదు" అనే మనిషిని విసుక్కోరు.

అందుకే ల్యాబ్ లేని కాలేజీలో సైకాలజీ చదవొద్దంటాను. కొన్నిచోట్ల పాత రికార్డు చూసి కొత్త రికార్డు రాయించేస్తారు. ఆ మూడేళ్లూ వృథా అయినట్టే.

ఇక లెక్కలు. బైపీసీ వాళ్లకు ఇదొక టెన్షన్. సైకాలజీలో స్టాటిస్టిక్స్ తప్పించుకోలేరు, పీజీలో ఇంకా ఎక్కువ. పదో తరగతి లెక్కలు అర్థమైతే సరిపోతుంది. సగటు, సహసంబంధం, టీ-టెస్ట్, కై స్క్వేర్ లాంటివి ఓపిగ్గా చేస్తే వస్తాయి. ఇది సిలబస్‌లో మొక్కుబడిగా పెట్టిన పేపరు అనుకోకండి. 2015లో ప్రపంచవ్యాప్తంగా పరిశోధకులు కలిసి, పేరున్న పత్రికల్లో వచ్చిన వంద సైకాలజీ ప్రయోగాలను మళ్లీ చేసి చూశారు. మూడో వంతుకు కాస్త పైగా మాత్రమే మళ్లీ అదే ఫలితాన్ని ఇచ్చాయి. పాఠ్యపుస్తకంలో ఉన్నంత మాత్రాన నిజమైపోదని, ఎంతమంది మీద చేశారు, ఎలా లెక్కగట్టారు అని అడగాలని ఈ పేపరే నేర్పుతుంది. అది రానివాళ్లు వేలిముద్రలు చూసి పిల్లల తెలివితేటలు చెబుతామనేవాళ్ల ఫ్రాంచైజీలు తీసుకుని కూర్చుంటారు. అలాంటి పరీక్షలకు శాస్త్రీయ ఆధారం లేదు. డిగ్రీ రెండో సంవత్సరం సరిగ్గా చదివినవాళ్లెవరైనా అది చెప్పగలగాలి.

కొలవడం ఎందుకింత ముఖ్యమో ఒక కేసు చెబుతాను. గుర్తుపట్టే వివరాలు మార్చాను. ఐదో తరగతి బాబును తల్లి తీసుకొచ్చింది. స్కూల్లో "మొద్దు, మొండి" అన్నారు. ఇంట్లో దెబ్బలు కూడా పడ్డాయి. మాట్లాడిస్తే గలగలా మాట్లాడతాడు, క్రికెట్ స్కోర్లన్నీ నోటికొచ్చు. పుస్తకం ఇచ్చి చదవమంటే మాత్రం ఒక్కో అక్షరం దగ్గర ఆగి చెమటలు పట్టేవి. ఒత్తులు, గుణింతాలు తారుమారయ్యేవి. ముందు కళ్లు, చెవులు పరీక్ష చేయించి రమ్మన్నాం. అవి బాగానే ఉన్నాయి. తెలివితేటల పరీక్షలో వయసుకు తగ్గట్టుగా వచ్చింది. చదవడం, రాయడం పరీక్షించే అంశాల్లో మాత్రం చాలా కింద ఉన్నాడు. ఇది నిర్దిష్ట అభ్యసన వైకల్యం. దీనికి ప్రత్యేక పద్ధతిలో చదువు చెప్పాలి. 2016 వికలాంగుల హక్కుల చట్టంలో ఇది కూడా ఉంది కాబట్టి, సర్టిఫికెట్ ఉంటే పరీక్షల్లో అదనపు సమయం లాంటి సౌకర్యాలు అడగవచ్చు. ఆ తల్లికి నేను చెప్పిన ఓదార్పు మాటలు పెద్దగా ఏమీ లేవు. "మీవాడు మొద్దు కాదు" అని అంకెలతో చూపించగలిగాం. ఆమెకు అదే కావలసింది.

ఇందులో మన వెలితి కూడా చెప్పాలి. మన దగ్గర ఇప్పటికీ వాడే భాటియా తెలివితేటల పరీక్షల సముదాయం 1955 నాటిది, ఉత్తరప్రదేశ్ బాలుర మీద తయారైంది. బినే తెలివితేటల పరీక్షను వి.వి. కామత్ మన దేశానికి మలిచినప్పుడు మరాఠీ, కన్నడ పిల్లలను తీసుకున్నారు. ఖమ్మంలోనో శ్రీకాకుళంలోనో తెలుగులో ఆలోచించే పిల్లను వీటితో కొలిచేటప్పుడు ఎంతో జాగ్రత్త కావాలి. తెలుగు పిల్లల మీద, తెలుగు పెద్దల మీద ప్రామాణీకరించిన పరీక్షలు ఇంకా చాలా రావాలి. ఆ పని మీ తరం చేయాలని నా గట్టి కోరిక. కాబట్టి తెలుగు మీడియం నుంచి వచ్చామని చిన్నబుచ్చుకోవద్దు. పుస్తకాలు ఇంగ్లీషులో ఉంటాయి, మొదటి ఏడాది కష్టంగానే ఉంటుంది. తెలుగు అకాడమీ పుస్తకం పక్కన పెట్టుకుని చదివితే దారిలో పడతారు. వార్డులో పరిస్థితి తిరగబడుతుంది. అరికాళ్లు మంటలు, గుండె దడ, కడుపులో తిప్పడం అంటూ వచ్చే పెద్దావిడ దగ్గర కూర్చుని, ఆమె యాసలోనే మాట్లాడుతూ అసలు సంగతి రాబట్టడం నల్గొండ నుంచి వచ్చిన మా విద్యార్థికి వచ్చినంత బాగా, కార్పొరేట్ స్కూళ్లలో చదివిన పిల్లలకు రాలేదు.

ఇప్పుడు చట్టం సంగతి. ఇది మీరూ, నాన్నగారూ కలిసి చదవండి.

మన దేశంలో క్లినికల్ సైకాలజిస్టు అని చెప్పుకోవాలంటే భారత పునరావాస మండలి, అంటే ఆర్‌సీఐలో నమోదు ఉండాలి. 1992 నాటి ఆర్‌సీఐ చట్టం కింద ఇది తప్పనిసరి. ఇన్నాళ్లూ మామూలు దారి ఏమిటంటే మూడేళ్ల డిగ్రీ, రెండేళ్ల ఎంఏ లేదా ఎంఎస్సీ సైకాలజీ, ఆ తర్వాత ఆస్పత్రిలో ఉంటూ చేసే రెండేళ్ల ఎంఫిల్ క్లినికల్ సైకాలజీ. బెంగళూరు నిమ్హాన్స్, రాంచీలోని కేంద్ర మనోవైద్య సంస్థ ఇందుకు పేరున్నవి. సీట్లు చాలా తక్కువ, ప్రవేశ పరీక్షకు పోటీ గట్టిగా ఉంటుంది. జాతీయ విద్యావిధానంలో ఎంఫిల్ తీసేశారు. క్లినికల్ సైకాలజీ ఎంఫిల్‌కు మాత్రం 2025-26 ప్రవేశాల వరకు యూజీసీ మినహాయింపు ఇచ్చింది. దాని స్థానంలోకి వేరే కోర్సులు వస్తున్నాయి. మీరు ఆ మెట్టు దగ్గరికి చేరేసరికి పేరు మారుతుంది, ఆస్పత్రిలో పర్యవేక్షణలో శిక్షణ అనేది మాత్రం ఉండి తీరుతుంది. కాబట్టి ఏ కోర్సులో చేరబోతున్నా, ఆ ఏడాది ఆర్‌సీఐ ఆమోదించిన సంస్థల జాబితాలో ఆ కాలేజీ పేరు ఉందో లేదో మీ కళ్లతో చూసుకోండి. ఏజెంట్ మాట, బ్రోచర్ మాట నమ్మకండి. "అప్రూవల్ వస్తుంది, ప్రాసెస్‌లో ఉంది" అన్న మాట నమ్మి రెండేళ్లూ, లక్షలూ పోగొట్టుకుని నా దగ్గరికొచ్చి ఏడ్చిన పిల్లలున్నారు.

దూరవిద్యలో చేయొచ్చా అని మీరు అడగలేదు కానీ, మీ తర్వాత ఇది చదివేవాళ్లు తప్పకుండా అడుగుతారు. 2025 జులై-ఆగస్టు విద్యాసంవత్సరం నుంచి సైకాలజీలో దూరవిద్యకు గానీ ఆన్‌లైన్‌కు గానీ కొత్తగా విద్యార్థులను చేర్చుకోవడానికి వీల్లేదని యూజీసీ ఆదేశించింది. అనుబంధ ఆరోగ్య వృత్తుల 2021 చట్టం పరిధిలోకి ఈ సబ్జెక్టు రావడం దీనికి కారణం. నా మటుకు నాకు ఇది మంచి నిర్ణయం అనిపిస్తుంది. ఎదురుగా మనిషి లేకుండా ఈ పని నేర్చుకోలేం. కాబట్టి ఎవరైనా ఆన్‌లైన్ డిగ్రీ అంటే దండం పెట్టి వచ్చేయండి. ఆరువారాల కౌన్సెలింగ్ డిప్లొమాలు, వీకెండ్ హిప్నోథెరపీ సర్టిఫికెట్లు కూడా అంతే.

మరి ఉద్యోగాలు? నాన్నగారి భయంలో సగం నిజం ఉంది. బీఏ సైకాలజీ ఒక్కటే చేతిలో ఉంటే వచ్చేవి హెచ్‌ఆర్‌లో చిన్న ఉద్యోగాలు, స్వచ్ఛంద సంస్థల్లో ఫీల్డ్ పనులు, ప్రత్యేక అవసరాలున్న పిల్లల కేంద్రాల్లో సహాయక పనులు. జీతం కూడా అంతంతమాత్రం. పీజీ తర్వాత పరిస్థితి మెరుగవుతుంది. స్కూలు, కాలేజీ కౌన్సెలర్లకు గిరాకీ పెరుగుతోంది. విశాఖపట్నంలో కోచింగ్ తీసుకుంటున్న ఒక అమ్మాయి మరణం కేసులో 2025 జులైలో సుప్రీంకోర్టు దేశమంతటికీ మార్గదర్శకాలిచ్చింది. వందమంది లేదా అంతకన్నా ఎక్కువమంది విద్యార్థులున్న ప్రతి విద్యాసంస్థలో పిల్లల మానసిక ఆరోగ్యంలో శిక్షణ పొందిన కౌన్సెలర్‌నో, సైకాలజిస్టునో, సోషల్ వర్కర్‌నో నియమించాలన్నది అందులో ఒకటి. మన రెండు రాష్ట్రాల్లో కార్పొరేట్ కాలేజీలు, హాస్టళ్లు ఎన్నున్నాయో మీకు నేను చెప్పక్కర్లేదు. ఇది కాగితం మీదే ఉండిపోకూడదని మేమంతా గట్టిగా కోరుకుంటున్నాం. అమలు చేయాలంటే చదువుకున్న మనుషులు కావాలి కదా.

మీరు ఊహించని చోట్ల కూడా ఈ సబ్జెక్టుకు పనుంది. రైల్వేలో అసిస్టెంట్ లోకో పైలట్లకు పెట్టే ఆప్టిట్యూడ్ పరీక్ష వెనక లక్నోలోని రైల్వే పరిశోధన సంస్థ ఆర్‌డీఎస్‌ఓలోని సైకో టెక్నికల్ విభాగం ఉంది. సైన్యంలో అధికారుల ఎంపికకు జరిగే ఎస్‌ఎస్‌బీలో బొమ్మ చూసి కథ రాయించే పరీక్షను అంచనా వేసేది సైకాలజిస్టులే. సాఫ్ట్‌వేర్ కంపెనీల్లో యాప్‌ను జనం ఎలా వాడుతున్నారో పరిశోధించే ఉద్యోగాలకు మా విద్యార్థులు కొందరు వెళ్లారు. క్లినికల్ వైపు రావాలనుకుని చేరిన ఒక అబ్బాయి, స్టాటిస్టిక్స్ మీద ఇష్టం పెరిగి సర్వే పరిశోధనలోకి వెళ్లి సంతోషంగా ఉన్నాడు. సివిల్స్‌లో సైకాలజీ ఆప్షనల్‌గా తీసుకోవచ్చు. యూజీసీ నెట్ రాసి బోధనలోకి రావచ్చు.

బీఏనా బీఎస్సీనా అన్నది అందరూ అనుకునేంత పెద్ద విషయం కాదు. సైకాలజీ పేపర్లు రెండింటిలోనూ ఇంచుమించు ఒకటే, పక్కనుండే సబ్జెక్టులు మారతాయి. పీజీ ప్రవేశాలకు సాధారణంగా రెండూ చెల్లుతాయి. బైపీసీ చదివారు కాబట్టి మెదడు, నాడీవ్యవస్థ, హార్మోన్ల పాఠాలు మీకు ఇట్టే అర్థమవుతాయి. జీవశాస్త్రం పక్కన ఉండే కాంబినేషన్ దొరికితే మంచిదే. దొరకకపోతే బీఏలో సోషియాలజీతో కలిపి చదవండి, ఏమీ నష్టం లేదు. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో ఇంటర్ తర్వాత నేరుగా చేరే ఐదేళ్ల ఇంటిగ్రేటెడ్ హెల్త్ సైకాలజీ కోర్సు కూడా ఉంది, ఆ ఏడాది ప్రకటన చూసుకోండి. పీజీకి ఉస్మానియా, తిరుపతి శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయం, ఆంధ్రా విశ్వవిద్యాలయం ఉన్నాయి. ఆంధ్రాలో శాఖ పేరులో పారాసైకాలజీ (అతీంద్రియ శక్తులంటూ చెప్పేవాటి పరిశీలన) అని కూడా ఉంటుంది, కంగారు పడకండి. 1967లో కోనేరు రామకృష్ణారావు గారు అక్కడ ఆ విభాగాన్ని మొదలుపెట్టిన చరిత్ర అది.

ఒక సున్నితమైన విషయం చెప్పాలి. మీ ప్రశ్న చివర "నేనూ కొంతకాలం డిప్రెషన్‌లో ఉన్నాను, అందుకే ఈ సబ్జెక్టు మీద ఇష్టం" అని రాశారు. అలా చేరేవాళ్లు చాలామంది. అందులో తప్పేమీ లేదు, బాధ తెలిసినవాళ్లకు ఓపిక ఎక్కువ. అయితే డిగ్రీని చికిత్సగా వాడుకోవద్దు. అసాధారణ మనస్తత్వ శాస్త్రం పేపరు మొదలుకాగానే ప్రతి జబ్బు లక్షణమూ తమలో ఉందనిపించి పిల్లలు బెంబేలెత్తిపోతారు. నిజంగా ఇబ్బంది ఉన్నవాళ్లకు అది ఇంకా కష్టం. మీకు ఇప్పటికీ నిద్ర పట్టకపోవడం, దేని మీదా మనసు నిలవకపోవడం ఉంటే, చేరడానికి ముందే ఒక సైకియాట్రిస్టునో క్లినికల్ సైకాలజిస్టునో కలవండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ నంబరు 14416కు ఏ వేళనైనా ఫోన్ చేయవచ్చు, ఉచితం, తెలుగులోనే మాట్లాడతారు. మీ బాధను మీరు వేరే ఒకరి దగ్గర చూపించుకుంటే, చదువు చదువులా సాగుతుంది.

ఇప్పుడు చేయాల్సింది ఏమిటంటే, తెలంగాణ డిగ్రీ ప్రవేశాల వెబ్‌సైట్ దోస్త్‌లో వెబ్ ఆప్షన్లు పెట్టే ముందు మీకు నచ్చిన రెండు మూడు కాలేజీలకు నాన్నగారిని వెంటబెట్టుకుని వెళ్లండి. సైకాలజీ ల్యాబ్ చూపించమని అడగండి. పరికరాల మీద దుమ్ము ఉందో, పిల్లల చేతులు పడిన గుర్తులున్నాయో చూస్తే తెలిసిపోతుంది. సైకాలజీ పాఠం చెప్పేవాళ్లు సైకాలజీలోనే పీజీ చేశారా, ఇంకేదో సబ్జెక్టు వాళ్లతో నెట్టుకొస్తున్నారా అని అడగండి. రెండో సంవత్సరం విద్యార్థి ఎవరైనా కనిపిస్తే ఆమె ప్రాక్టికల్ రికార్డు తెరిచి చూడండి. ప్రయోగంలో కూర్చున్నవాళ్లు చెప్పిన మాటలు ఒక్కో రికార్డులో ఒక్కోలా ఉంటే అక్కడ ప్రయోగాలు నిజంగా జరుగుతున్నట్టు. అన్నింట్లో ఒకే వాక్యాలుంటే ఆ కాలేజీ వద్దు. వీలైతే సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో ఉన్న జాతీయ సంస్థ ఎన్ఐఈపీఐడీకి కూడా ఒకసారి వెళ్లండి. మేధోపరమైన వైకల్యం ఉన్న పిల్లలతో, వాళ్ల తల్లిదండ్రులతో అక్కడివాళ్లు ఎలా పనిచేస్తారో తెలుసుకోండి. ఆ పని చూశాక కూడా మీకు ఇదే చేయాలనిపిస్తే, ఏ కాంబినేషన్లు దొరుకుతున్నాయో ఇక్కడే రాయండి, చూసి చెబుతాను.